స్తంభానికి తాయెత్తు

డిసెంబరు మొదటి బుధవారం.
షెఫీల్డ్‌లో ఈ నెలలో
తెల్లవారిందని గడియారం చెబితేనే నమ్మాలి.
నిచ్చెన పట్టుకుంది డోరీన్,
డెబ్బై నాలుగేళ్ళ మాజీ నర్సు.
ఎక్కింది నాసర్,
వాళ్ళ నాన్న యెమెన్ నుంచి వచ్చి
ఉక్కు కార్ఖానాకి ఊపిరితిత్తులు ఇచ్చిపోయాడు.
నా వాటాకి టార్చిలైటు.

వేలెడంత గొట్టం.
తెరిచిన నోరు నేలవైపు ఉండాలట.
దీపస్తంభానికి ఆనించి
నల్లటి ప్లాస్టిక్ పట్టీ కిర్రున లాగాడు నాసర్.
నాకు నవ్వొచ్చింది.
ఎందుకంది డోరీన్.
ఇంగ్లీషులో ఎలా చెప్పను?
పిల్లకి గాలి సోకిందంటే
మా అమ్మ దండచేతికి కట్టేది ఇదే.
ఇంతే పొడుగు, ఇంతే బిగువు,
లోపలేముందో ఎవరూ విప్పి చూడనిది.
దీన్ని మాత్రం నెల తిరగ్గానే విప్పుతారు.
ఏ గాలి ఎంత సోకిందో
ప్రయోగశాల అంకెల్లో చెబుతుంది.

మొత్తం ఇరవై రెండు.
బడి గేటు, మసీదు మలుపు,
చేపలూ చిప్సూ అమ్మే కొట్టు,
కొండ దిగేచోట మూతబడిన పబ్బు.
ఆఖరిది బస్సు స్టాపు.
ఆ బస్సు తోలేది నేనే.
తొంభై మూడో నంబరు. డీజిలు.
గేరు మార్చినప్పుడల్లా దగ్గుతుంది.

జనవరిలో చర్చి హాల్లో మీటింగు.
కెటిల్ మరుగుతోంది, బిస్కెట్లు మెత్తబడ్డాయి.
"ముందు చైనాని ఆపమనండి" అన్నాడు క్లైవ్,
ప్రతి మీటింగులోనూ అనేదే.
"మన నిచ్చెన చైనా దాకా అందదు క్లైవ్,
ఈ స్తంభాల దాకా అందుతుంది"
అంటూ డోరీన్ కాగితం గోడకి అంటించింది.

ఏడాది సగటు నలభై దాటకూడదని చట్టం.
బడి గేటు నలభై నాలుగు.
బస్సు స్టాపు
అరవై ఒకటి.
ఎవరూ నా వైపు చూడలేదు.
అందరూ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు.
ఒక్క నెలకే తీర్పు చెప్పకూడదంది డోరీన్.
కెజాయా మాత్రం, తొమ్మిదేళ్ళది,
మేజోడులో నీలం ఇన్‌హేలర్ దోపుకుని తిరిగేది,
ఫిర్యాదు లేని గొంతుతో చెప్పింది:
"మీ బస్సు వచ్చిందని నాకు చూడకుండానే తెలుసు."

ఆ రాత్రి పడుకున్నాను గానీ...
పట్టించుకోని దాన్ని మనం
గాలికి వదిలేశారంటాం కదా,
గాలినే వదిలేసినప్పుడు
దేనికి వదిలేసినట్టు?

ఆఖరి స్టాపులో ఏడు నిమిషాలు ఆగాలి నేను.
పదకొండేళ్ళుగా ఇంజను ఆపలేదు,
హీటరు కోసం, అలవాటు కోసం.
మర్నాడు తాళంచెవి తిప్పాను.
"చచ్చేట్టున్నాం చలికి" అన్నాడొక పెద్దాయన.
కోటు గుండీలు పెట్టుకోమన్నాను.
ఆయన డిపోకి ఉత్తరం రాశాడు.
మేనేజరు పిలిచాడు. విన్నాను. మళ్ళీ ఆపాను.
ఆగిన బస్సులో తొలిసారి వినబడ్డాయి
వెనకసీటు పిల్లల గుసగుసలు,
రోడ్డు కింద తూములో పారే వాగు.
ఇన్నేళ్ళూ అక్కడ వాగుందని తెలీదు నాకు.
క్లైవ్ కూడా ఎక్కాడొకరోజు,
ఏడు నిమిషాలూ పేపరు చదువుకున్నాడు,
దిగేటప్పుడు మాత్రం "చైనా" అనలేదు.

మార్చిలో అంకె యాభై ఎనిమిది.
మూడు తగ్గింది!
"వానలు ఎక్కువ పడ్డాయి,
గాలివాటమూ కావచ్చు,
నీ తాళంచెవీ కావచ్చు" అంది డోరీన్,
అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.
కౌన్సిల్‌కి ఉత్తరం వెళ్ళింది:
బడి విడిచే వేళ వీధి మూయాలని,
కరెంటు బస్సులు కావాలని.
జవాబు ఇంకా రాలేదు.

నాసర్‌కి మోకాలు వాచింది.
ఈసారి నిచ్చెన నేనెక్కాను.
స్తంభం మంచుగడ్డలా ఉంది.
పట్టీ బిగిస్తుంటే
అమ్మ చదివే మంత్రం ఒక్క ముక్కా గుర్తురాలేదు.
తేదీ చదివాను.
ఆరూ నలభై, అన్నాను.
కింద టార్చివెలుగులో డోరీన్ రాసుకుంది.